పేరొకటి, మొక్కొకటి

రాయ్‌పూర్‌లో పండరీ అనగానే ముందుగా గుర్తొచ్చేది బట్టల మార్కెట్. చీర కొనడానికి వెళ్లినవాళ్లు మడత విప్పి చూస్తారు, అంచు తడిమి చూస్తారు, వెలుతురులోకి తెచ్చి రంగు చూస్తారు. నచ్చకపోతే పక్క దుకాణం ఎలాగూ ఉంది. అదే పండరీలో మేడ మీద కుండీలు పెంచుకునే ఒకావిడను ఊహించుకుందాం. ఆమె మొక్క కొనే తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఫోన్‌లో ఫొటో చూస్తుంది, ముందే డబ్బు పంపుతుంది, వారం పాటు ఎదురుచూస్తుంది, చివరికి ఒక అట్టపెట్టె విప్పుతుంది. ఫొటోలో ఉన్నది ఆకులో సగం పాలలా తెల్లగా మెరిసే మాన్‌స్టెరా. పెట్టెలో ఉన్నది నాలుగు పచ్చటి ఆకుల పిల్లమొక్క. అడిగితే అమ్మినతను మర్యాదగానే జవాబిస్తాడు: "ఇంకా చిన్న మొక్క కదా మేడమ్, ఆరు నెలలు ఆగండి, తెలుపు వస్తుంది."

ఆ మాట అబద్ధమే కావచ్చు. అతను నిజంగా నమ్మి చెప్పిందీ కావచ్చు. పెట్టె తెరిచిన రోజున ఆ నాలుగు ఆకులు చూసి వృక్షశాస్త్రవేత్త కూడా ఖాయంగా తేల్చి చెప్పలేని సందర్భాలు ఉంటాయి. మొక్కల వ్యాపారంలో మోసానికి వేళ్లు ఇక్కడే ఉన్నాయి. డబ్బు క్షణంలో చేతులు మారుతుంది, సరుకు ఏమిటో తేలడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. "జాగ్రత్తగా ఉండండి" అనే సలహా ఎన్నిసార్లు చెప్పినా ఈ వ్యవధిని తగ్గించలేదు. దాన్ని తగ్గించగలిగేది కొంత జీవశాస్త్రం, కొంత లెక్కాపత్రం.

రాయ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మొక్కల విషయానికొస్తే గోదావరి తీరంతో ఆ ఊళ్లకు వేరే బంధం కూడా ఉంది. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి పూలమొక్కలు, పండ్ల అంట్లు లారీల మీద దేశం నలుమూలలకూ వెళ్తాయి. వెనక ఒకప్పుడు మొక్క నర్సరీవాడి చేతి నుంచి కొన్నవాడి చేతికి వచ్చేది. అది బతక్కపోతే వచ్చే ఏడు అదే నర్సరీవాడిని నిలదీసే వీలుండేది. ఇప్పుడు మధ్యలో ఎవరో తెలియని నలుగురైదుగురు చేరారు. కడియంలో తీసిన ఫొటోను మరో ఊళ్లో ఒకతను తనదిగా పెట్టుకోవచ్చు, మూడో ఊరి నుంచి ఇంకేదో మొక్క పార్సిల్ కావచ్చు. అందువల్ల నిజాయతీగా మొక్క పెంచినవాడి పేరు కూడా చెడుతోంది.

అమ్మేవాడికి సరుకు గురించి తెలిసినంత కొనేవాడికి తెలియనప్పుడు బజారు ఏమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో వాడిన కార్ల ఉదాహరణతో చూపించారు. మంచి కారుకీ చెడ్డ కారుకీ తేడా తెలియని కొనుగోలుదారు రెండింటికీ మధ్యస్థమైన ధరే ఇస్తాడు. ఆ ధర గిట్టక మంచి కారు ఉన్నవాడు బజారు వదిలి వెళ్లిపోతాడు, మిగిలేది చెడ్డ కార్లే. ఆ పరిశోధనకు 2001లో ఆయన నోబెల్ పంచుకున్నారు. మొక్కల బజారులో పరిస్థితి ఇంకా కష్టం. కారును కనీసం నడిపి చూడవచ్చు. మామిడి మొక్కను కాయించి చూసి కొనడం ఎవరివల్లా కాదు.

కొన్ని మోసాలు మాత్రం పాఠశాల స్థాయి జీవశాస్త్రంతోనే బయటపడతాయి. నీలి గులాబీ విత్తనాలు అలాంటివి. గులాబీలో నీలి వర్ణకమైన డెల్ఫినిడిన్ తయారుచేసే ఎంజైమ్ సహజంగా లేదు. జపాన్‌కు చెందిన సంటోరీ సంస్థ, ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లోరిజీన్‌తో కలిసి పాన్సీ పువ్వు జన్యువును గులాబీలోకి చొప్పించి, 2004లో ఫలితం ప్రకటించింది. 2009లో 'అప్లాజ్' పేరుతో ఆ పువ్వు అమ్మకానికి వచ్చింది. అంత శ్రమ తర్వాత వచ్చిన రంగు కూడా లేత ఊదాయే. అలాంటిది 99 రూపాయల ప్యాకెట్‌లో ముదురు నీలం గులాబీ గింజలు ఎక్కడి నుంచి వస్తాయి? ఏడు రంగుల గులాబీ అంటే కాడను నిలువుగా చీల్చి ఒక్కో పాయను ఒక్కో రంగు నీళ్లలో ముంచిన కోత పువ్వు. నీలం స్ట్రాబెర్రీ ఫొటో ఎడిటింగ్‌లో పండింది. వీటి మీద ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

అసలు చిక్కు ఉన్నవాటితోనే. ఆకుల మీద తెల్లటి, పసుప్పచ్చటి మచ్చలున్న మొక్కల మోజు కరోనా కాలంలో ప్రపంచమంతా పెరిగింది. 2021 జూన్‌లో న్యూజిలాండ్‌లో తొమ్మిది ఆకులున్న ఒక రాఫిడోఫొరా మొక్క ఆన్‌లైన్ వేలంలో 27,100 న్యూజిలాండ్ డాలర్లు పలికింది. ధర ఆ స్థాయికి వెళ్లాక మోసగాళ్లు రాకుండా ఉంటారా?

మాన్‌స్టెరా 'ఆల్బో' వంటి వాటిలో ఆ తెలుపు ఒక జన్యు ప్రమాదం. కొమ్మ కొసన ఉండే పెరుగుదల కణాల్లో కొన్ని పత్రహరితం తయారుచేసే శక్తిని కోల్పోతాయి, మిగతావి మామూలుగానే ఉంటాయి. రెండు రకాల కణాలు ఒకే మొక్కలో పక్కపక్కనే పెరుగుతాయి. ఇలాంటి మొక్కను కైమెరా అంటారు. ఆ తెలుపు గింజ ద్వారా యథాతథంగా రాదు. కాబట్టి 'తెల్ల మచ్చల మాన్‌స్టెరా విత్తనాలు' అమ్మేవాడి దగ్గర ఏం ఉందో గానీ, అది మాత్రం లేదు. పైగా అసలు మాన్‌స్టెరా గింజ బఠాణీ అంత ఉంటుంది, త్వరగా మొలకశక్తి కోల్పోతుంది. ఆవగింజల్లాంటివి ప్యాకెట్‌లో వస్తే అవి ఏ మొక్కవో పంపినవాడికి కూడా తెలిసి ఉండదు.

ఇక కొమ్మ ముక్కల సంగతి. ముక్కకు కణుపు ఉండాలి, ఆ కణుపు దగ్గర మొగ్గ ఉండాలి. మొగ్గ ఉన్న వైపు కాండం మీద తెల్ల చార ఉంటేనే కొత్త చిగురులో తెలుపు వచ్చే అవకాశం ఎక్కువ. కణుపు లేని ఒట్టి ఆకును కాడతో నీళ్లలో పెడితే వేళ్లు రావచ్చు, ఆకు నెలల తరబడి పచ్చగా ఉండవచ్చు. కానీ మాన్‌స్టెరాలో అది ఎప్పటికీ మొక్క కాదు, చిగురు వేయడానికి దానికి మొగ్గ లేదు. ప్రేమికుల రోజుకు కుండీలో గుచ్చి అమ్మే హృదయాకారపు హోయా ఆకు కథా ఎక్కువగా ఇంతే. కొన్నవాళ్లు రెండేళ్లు నీళ్లు పోసి, తమ చేతిలోనే ఏదో లోపం ఉందని బాధపడతారు. లోపం వాళ్ల చేతిలో లేదు.

అయితే అమ్మేవాడు ప్రతిసారీ దొంగ కాకపోవచ్చు. పసుపు అంచుల స్నేక్ ప్లాంట్ దీనికి మంచి ఉదాహరణ. ఆకును ముక్కలు చేసి నాటితే పిల్లమొక్కలు సులువుగా వస్తాయి, కానీ వాటికి పసుపు అంచు ఉండదు. ఆ అంచు కూడా కైమెరా ఫలమే, ఆకు ముక్కలోంచి కొత్తగా పుట్టే చిగురు సాధారణంగా లోపలి పచ్చ కణజాలం నుంచి వస్తుంది. దుంప చీల్చి పిలక ఇస్తేనే అంచు నిలుస్తుంది. తెలియక ఆకు ముక్కలు నాటి, తల్లిమొక్క ఫొటో పెట్టి అమ్మిన ఔత్సాహికుడు మోసగాడా? కొన్నవాడికి జరిగిన నష్టం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. 'పింక్ కాంగో' పేరుతో కొన్నేళ్ల క్రితం గులాబీ రంగు ఫిలోడెండ్రాన్లు వచ్చాయి. అందులో తెలియనితనం పాలు తక్కువ. ఏవో రసాయనాల ప్రభావంతో తెప్పించిన ఆ రంగు నెలల వ్యవధిలో పోయింది, కొత్త ఆకులన్నీ పచ్చగా వచ్చాయి. అప్పటికి డబ్బు వెనక్కి అడిగే గడువు ఎప్పుడో దాటిపోయింది.

మచ్చల మోజు కొత్తదేమీ కాదు. 1630ల్లో హాలండ్‌లో చారల తులిప్ దుంపలు ఇళ్ల ధరలకు అమ్ముడయ్యాయి, 1637 ఫిబ్రవరిలో ఆ బజారు కుప్పకూలింది. ఆ చారలకు కారణం ఒక వైరస్ అని 1928లో డొరొతీ కేలీ తేల్చేదాకా జనం మూడు శతాబ్దాల పాటు మెచ్చుకున్నది ఒక తెగులును.

కుండీల మోజులో పోయేది వేలల్లో ఉండవచ్చు. అవే ఆన్‌లైన్ బృందాల్లో రైతు కూడా మొక్కలు కొంటున్నాడు, అతనికి పోయేది కాలం. మన మామిడి రకాల్లో ఎక్కువ భాగం టెంక నాటితే తల్లి గుణం నిలవదు. టెంకలో ఉండేది పరపరాగ సంపర్కంతో పుట్టిన ఒకే పిండం, అంటే కొత్త చెట్టు. బంగినపల్లి టెంక నుంచి వచ్చేది బంగినపల్లి కాదు. అందుకే అంటు. టెంక మొక్కకు టేపు చుట్టి అంటు అని పంపితే కొత్తవాడికి తేడా తెలియదు. ఆరేడేళ్లకు కాయ వచ్చాక తెలుస్తుంది. బొప్పాయి నారులో ఆడ, మగ తేడా పూత వచ్చేదాకా కంటికి కనిపించదు. లింగాన్ని ముందే చెప్పే డీఎన్ఏ పరీక్షలు ఉన్నాయి గానీ, పది రూపాయల మొక్కకు ఆ పరీక్ష చేయించేవాడు ఉండడు. గింజ నుంచి వచ్చిన ఖర్జూరంలో దాదాపు సగం మగవే, అదీ తేలడానికి నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 'అన్నీ ఆడ మొక్కలే' అంటూ గింజ నారు అమ్మేవాడికి ఈ నాలుగైదేళ్లే పెట్టుబడి.

మియాజాకీ మామిడి సంగతి ఇంకా తమాషా. కిలో లక్షలు పలుకుతుందని వార్తలు వచ్చాక ఆ పేరుతో మొక్కల అమ్మకం జోరందుకుంది. మియాజాకీ జపాన్‌లో ఒక ప్రాంతం పేరు. అక్కడ ఎక్కువగా పండించేది అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టిన ఇర్విన్ రకం. ఆ భారీ ధర కాయను చెట్టు మీదే వలలో పండించి, కనీసం 350 గ్రాముల బరువు, 15 శాతం తీపి ఉన్నవాటినే ఏరి, ప్రత్యేక బ్రాండు ముద్ర వేసే పద్ధతిది. కాబట్టి ఎంత నిజాయతీపరుడు అమ్మినా కొన్నవాడికి దక్కేది ఇర్విన్ అంటు. దాన్ని నాటి లక్షలు వస్తాయని లెక్కలు వేసుకోవడం మరొకరి మాట నమ్మి తనను తాను మోసం చేసుకోవడమే.

మోసపోయినవాళ్లు ఏం చేస్తున్నారు? చాలా బృందాల్లో మోసగాళ్ల పేర్లు, ఫోన్ నంబర్ల నల్లజాబితాలు నడుస్తున్నాయి. వాటి వల్ల కొంత మేలు ఉంది, కాదనలేం. అయితే పేరు, నంబరు మార్చడం మోసగాడికి పెద్ద పని కాదు. ఆ జాబితాలోకి ఎక్కి నిజంగా నష్టపోయేది తరచూ స్థిరమైన చిరునామా ఉన్న చిన్న నర్సరీవాడే. మే నెలలో రాయ్‌పూర్ ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసిన పెట్టెలో ఐదు రోజులు ప్రయాణించి కుళ్లిన మొక్కకు, అసలు పంపని మొక్కకు, పేరు మార్చి పంపిన మొక్కకు ఒకే 'మోసం' ముద్ర పడుతోంది. ఈ మూడింటినీ విడదీయకపోతే జాబితాకు విలువ ఉండదు.

నల్లజాబితా కన్నా ఆనవాలు పుస్తకం ఎక్కువ పని చేస్తుంది. దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కరలేదు, రాయ్‌పూర్‌లోనే ఉంది. వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970ల్లో ఛత్తీస్‌గఢ్ పల్లెలు తిరిగి వేల వరి రకాలు సేకరించారు. ఆ సేకరణ పునాదిగా ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయంలో ఇప్పుడు 23 వేలకు పైగా వరి నమూనాలున్నాయి. ఒకే పేరుతో రెండు ఊళ్లలో రెండు వేర్వేరు వడ్లు ఉండవచ్చు, ఒకే వడ్లకు మూడు పేర్లు ఉండవచ్చు. పేరును మాత్రమే నమ్ముకుంటే అక్కడ ఏదీ మిగలదు. జన్యు నిధిలో ప్రతి నమూనాకూ ఒక నంబరు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరం ఉండేది అందుకే. మొక్కల బృందాలకు కావలసింది ఇదే పద్ధతి, చిన్న స్థాయిలో. అమ్మకానికి పెట్టే ప్రతి మొక్కకూ తల్లిమొక్క ఫొటో, అంటు కట్టిన లేదా కొమ్మ నాటిన తేదీ, ఆ రోజు తేదీ రాసిన చీటీతో అదే మొక్క వీడియో, అందులో కణుపు గానీ అంటు కట్టిన చోటు గానీ దగ్గరగా కనిపించాలి. అంటు మామిడిలో ఆ అతుకు దగ్గర పైన బెరడు ఒక తీరు, కింద ఒక తీరు ఉండి మచ్చ స్పష్టంగా తెలుస్తుంది. మచ్చ లేదంటే అది టెంక మొక్కే. కొన్నవాళ్లు ఏడాది తర్వాత ఆ మొక్క ఫొటోను అదే చోట మళ్లీ పెట్టాలి. పార్సిల్ అందిన రోజు ఇచ్చే ఐదు నక్షత్రాలు ప్యాకింగ్‌కు కితాబే తప్ప మొక్కకు కాదు. ఖరీదైన మొక్కకు ధరలో కొంత భాగం కొత్త ఆకు విచ్చాక ఇచ్చే ఒప్పందం ఉంటే ఇంకా మంచిది. అమ్మేవాళ్లు మొదట ఒప్పుకోరు. నమ్మకం ఉన్న పెంపకందారు ఒకరిద్దరు ఒప్పుకుంటే మిగతావాళ్లు ఆలోచనలో పడతారు.

చట్టం ఈ విషయంలో వెనకబడి ఉంది. 1966 విత్తన చట్టం అంట్లు, దుంపలు, కొమ్మ ముక్కలను కూడా 'విత్తనం' నిర్వచనంలో చేర్చింది గానీ, అవి ఆహార పంటలవో పశుగ్రాసానివో అయి ఉండాలి. మాన్‌స్టెరా ఆ లెక్కలోకి రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో ఉద్యాన నర్సరీల నమోదు, నియంత్రణకు ప్రత్యేక చట్టం చేసింది, కానీ అది స్థలం, షెడ్డు, తల్లిచెట్లు ఉన్న నర్సరీని దృష్టిలో పెట్టుకున్నది. ఫోన్ తప్ప మరేమీ లేని దళారి దాని కంటికి ఆనడు. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి పండ్ల అంటుకూ నర్సరీ నమోదు సంఖ్య చూపించాలన్న నిబంధన ఒక్కటి పెడితే రైతుకు చాలా వరకు మేలు జరుగుతుంది. 2020 ఈ-కామర్స్ నియమాలు కూడా వ్యాపారంగా కాకుండా వ్యక్తిగతంగా, ఎప్పుడో ఒకసారి అమ్మేవారికి వర్తించవు. మోసగాళ్లంతా ఆ ముసుగే వేసుకుంటారు.

అలాగని దారులు మూసుకుపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా పండరీ ఆవిడ రాయ్‌పూర్ జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. డబ్బు తీసుకుని మాయమైన సందర్భంలో 1930కి వెంటనే ఫోన్ చేస్తే, ఆ సొమ్ము ఖాతాలు మారేలోపు ఆపే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గుతుంది. మోసపోయిన వెంటనే రెండో వల పడుతుంది, అది కూడా తెలిసి ఉండాలి: "రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి." యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోతోందనే అర్థం.

ఇంత చేసినా ఒక నష్టాన్ని ఏ కమిషనూ తిరిగి ఇప్పించలేదు. ఆనవాలు లేని మొక్కతో పాటు ఆనవాలు లేని పురుగు కూడా వస్తుంది. గత పదేళ్లలో జామ తోటలను దెబ్బతీస్తున్న కొత్త రకం వేరుబుడిపె నులిపురుగు రాష్ట్రం నుంచి రాష్ట్రానికి చేరిన ప్రధాన మార్గం నర్సరీ మొక్కల వేళ్లూ, వాటికి అంటుకున్న మట్టీ. పై నుంచి చూస్తే ఆ మొక్క నవనవలాడుతూనే ఉంటుంది. 2020లో అమెరికాలో వేల ఇళ్లకు అడగని విత్తనాల ప్యాకెట్లు వచ్చినప్పుడు, ఆ ఆగస్టులో భారత వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. విదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు రావాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. 'థాయిలాండ్ నుంచి నేరుగా' అని గర్వంగా చెప్పుకునే అమ్మకందారును ఆ కాగితాలు అడిగితే సంభాషణ సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. అడవి నుంచి తవ్వి తెచ్చిన మొక్కలది మరో కథ. శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీకి అంతర్జాతీయ వాణిజ్య నిషేధమూ, మన వన్యప్రాణి సంరక్షణ చట్టమూ రెండూ రక్షణగా ఉన్నాయి. 'అరుదైన సైకస్, అడవి మొక్క' అన్న ప్రకటన చూసి కొన్నవాడు మోసపోయినట్టు కాదు, నేరంలో పాలుపంచుకున్నట్టు.

పండరీ మేడ మీది ఆ నాలుగు ఆకుల మొక్కను ముందుగా మిగతా కుండీలకు దూరంగా ఒక మూల పెట్టాలి. మూడు నాలుగు వారాలు ఆకుల అడుగున తెల్లదోమ, పిండినల్లి కోసం చూడాలి. వీలైతే వేళ్లకున్న పాత మట్టి కడిగి, బుడిపెలు ఉన్నాయేమో చూసి కొత్త మట్టిలో నాటాలి. తర్వాత కాండాన్ని వెలుతురులో తిప్పి చూడాలి. ఎక్కడైనా సన్నటి తెల్ల చార ఉంటే, దాని మీద మొగ్గ ఉన్న కణుపు వెతికి దానికి కాస్త పైన కోస్తే వచ్చే చిగురులో తెలుపు రావచ్చు. చార ఎక్కడా లేకపోతే అది పచ్చ మాన్‌స్టెరా, ఆరు నెలలు ఆగాల్సిన పని లేదు. పెట్టె తెరిచిన రోజు తీసిన వీడియో, డబ్బు పంపిన రసీదు, "తెలుపు వస్తుంది" అన్న ఆ సందేశం చెరిపేయకుండా దాచుకుంటే ఫిర్యాదుకు అవి చాలు.